ఒక విస్తరి ఎక్కువైంది

పని ఏమిటంటే

మూడు రోజుల సెలవు కలిసొస్తే జనం ఇంటికి పోతారు, లేదా ఇంట్లోంచి పారిపోతారు. ఆ పారిపోయేవాళ్లకు దారి చూపించడమే నా ఉద్యోగం. ఖమ్మం బస్టాండు దగ్గర ఒక ట్రావెల్స్ ఆఫీసులో ఇరవై ఆరేళ్లు చేశాను. బోర్డు మీద గుళ్లూ గోదావరీ బొమ్మలుండేవి కానీ, నేను అమ్మింది మాత్రం తిండి. శుక్రవారం ఖమ్మంలో, శనివారం భద్రాచలంలో, ఆదివారం అడవి గూడెంలో. ఎక్కడ ఏం తినాలి, ఎప్పుడు తినాలి, ఎంత తినాలి అన్నది నేను రాసిస్తే హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు తిని, చేతులు కడుక్కుని, ఫొటోలు తీసుకుని పోయేవాళ్లు.

ఇప్పుడీ పనిలోకి వస్తున్న పిల్లలు సెల్‌ఫోన్లో మ్యాపు తెరిచి, ఎవడో వీడియోలో తిన్న చోటల్లా ఒక గుర్తు పెట్టి, ‘ప్లాన్ అయిపోయింది అంకుల్’ అంటారు. అయిపోదు నాయనా. తిండి ప్లాను అంటే చోట్ల జాబితా కాదు, ఆకలి లెక్క. మనిషికి రోజుకు ఒక్కసారే నిజంగా ఆకలేస్తుంది. ఆ ఒక్కసారి ఎక్కడ వేయాలో నువ్వు నిర్ణయించాలి. మిగతాదంతా టీలూ బజ్జీలే.

ఇది నాకు చెంపదెబ్బ తిన్నాక తెలిసింది. నేను వేసిన మొదటి ప్లానులో మూడు రోజుల్లో పదకొండు చోట్ల తిండి పెట్టాను. శుక్రవారం పొద్దున ఇడ్లీతో మొదలుపెట్టి, మిర్చి బజ్జీ, మెస్సు భోజనం, సాయంత్రం పునుగులు, రాత్రికి బిర్యానీ. శనివారం భద్రాచలంలో గోదావరి ఒడ్డున ఒక మెస్సు ఆవిడ తెల్లవారుజామునే లేచి బొమ్మిడాయిల పులుసు పెట్టింది. మా వాళ్లు వేళ్లతో కెలికి లేచారు. కడుపు నిండితే గారెలు చేదని ఊరికే అన్నారా! ఆవిడ నన్ను పక్కకు పిలిచి, ‘మా చేతి వంట బాగాలేదా బాబూ?’ అని అడిగింది. బాగానే ఉందమ్మా, నా లెక్కే బాగాలేదు అని చెప్పే ధైర్యం ఆ రోజు లేకపోయింది.

ఇంకో సంగతి. ఈ పనిలో ఫోన్ ఎత్తగానే ఎవరైనా అడిగే మొదటి మాట ‘ఎందరు?’ అని. మెస్సువాడు అడుగుతాడు, లాడ్జివాడు అడుగుతాడు, గూడెంలో వండేవాళ్లు అడుగుతారు. మనం గెస్టుల లెక్క చెబుతాం. డ్రైవరును కలిపి చెబుతాం, ఎందుకంటే డ్రైవరు తినకపోతే బండి కదలదు. ప్లాను వేసినవాడు మాత్రం ఆ లెక్కలో ఉండడు. పన్నెండు మంది గెస్టులు, ఒక డ్రైవరు అంటే పదమూడు. పద్నాలుగోవాణ్ని నేను. ఆ పద్నాలుగు అన్న అంకె ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా నా నోట రాలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

రంగారావు గారి రూలు

మా యజమాని రంగారావు గారిది కోస్తా నుంచి సత్తుపల్లి వైపు వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మాదీ అలాంటిదే. మా తాత వేంసూరు దగ్గర పొలం కొనుక్కుని ఉండిపోయాడు. రంగారావు గారు ఒకప్పుడు పెద్ద హోటల్లో మేనేజరు. గొంతు పెద్దది, మనసు చిన్నది కాదు. జీతం ఆలస్యం చేసేవాడు కాదు, తిట్టడం కూడా ఆలస్యం చేసేవాడు కాదు.

చేరిన కొత్తలో నేను లెక్కలో లేకపోయినా గెస్టులతో కలిసి పంక్తిలో కూచుని తినేవాణ్ని. ఒకసారి ఒక కుటుంబం వచ్చింది, తాతా మనవలతో సహా. దారిలో ఒక హోటల్లో సాంబారు పులిసిపోయింది. నాకు తెలియలేదు, జలుబు. ‘అద్భుతం, ఇంకో గరిటె వెయ్యండి’ అంటూ లాగించాను. వాళ్లు నా మొహం చూస్తూ తిన్నారు. ఊరికి వెళ్లాక ఇంతింత అక్షరాలతో ఉత్తరం రాశారు.

రంగారావు గారు ఉత్తరం నా ముందు పడేసి అన్నాడు: ‘ఏమయ్యా సత్యం, నువ్వు వాళ్ల పక్కన కూచుని తింటుంటే సాంబారు బాలేదని నీ మొహాన ఎలా చెబుతారయ్యా? పంక్తిలో కూచుంటే నువ్వూ గెస్టువే. గెస్టుకెవడూ ఫిర్యాదు చెప్పడు. నిలబడు. నిలబడి వాళ్ల మొహాలు చూడు. వాళ్లు తిన్నాక తిను.’

మంచి రూలు. ఇప్పటికీ మంచి రూలే అంటాను. నిలబడ్డవాడికి కనిపించేవి కూచున్నవాడికి కనిపించవు. ఎవరు ఉప్పు కోసం చూస్తున్నారు, ఎవరు పక్కవాళ్ల విస్తట్లోకి తోస్తున్నారు, ఏ పిల్లవాడు ఏడవబోతున్నాడు, అన్నీ తెలుస్తాయి. గెస్టులు లేచాక నేను వంటింట్లోకి వెళ్లి వంటవాళ్లతో కలిసి తినేవాణ్ని. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూచుంటేనేం! మెస్సుల్లో నాకు అడుగున ఉన్న గుజ్జు, మాడిన అంచు దాచిపెట్టేవాళ్లు. అది మర్యాద కిందే లెక్క.

అయితే ఈ పని మనిషిని ఒంటరిని చేస్తుంది. అది మీకు ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. లోకమంతా కలిసి ఉండే రోజుల్లో నువ్వు పనిలో ఉంటావు. లోకమంతా పనికి వెళ్లిన మంగళవారం నీకు సెలవు. నాకు ఒక సంబంధం వచ్చింది, కల్లూరు నుంచి. పిల్ల తండ్రి మర్యాదస్తుడు. ‘పండగలకు ఇంట్లో ఉంటావా బాబూ?’ అని అడిగాడు. ‘ఉండనండి’ అన్నాను. అబద్ధం ఆడినా సరిపోయేదేమో. కాఫీ తాగి వచ్చేశాను. తర్వాత ఒకటి రెండు వచ్చాయి. వాటికీ నాకూ సెలవులు కలవలేదు. మా అమ్మ ఉన్నన్నాళ్లు ఎవరో ఒకరు ‘తిన్నావా’ అని అడిగేవారు.

జీలుగు కల్లు

గూడెం మా ప్లానులోకి ఎలా వచ్చిందో చెప్పాలి. ఒకావిడ ఆఫీసుకు ఫోన్ చేసింది. వాళ్లు నాసిక్ వెళ్లొచ్చారట. ద్రాక్షతోటల పక్క ఊళ్లో మూడు రోజులుండి, ఒక్కో చోట ఒక్కో వైను రుచి చూసి, దానికి తగ్గ తిండి తిన్నారట. ‘మీ దగ్గర వైన్ లేకపోతే కల్లుంది కదండీ, అలాగే పెట్టండి’ అంది. నేను ఫోన్ పెట్టేసి నవ్వాను. మా డ్రైవరు యాకూబ్ నవ్వలేదు.

‘గందుల నవ్వుడేంది సార్? భద్రాచలం అవుతల అడివిల నాకెరుకున్న గూడెం ఒకటున్నది. జీలుగు కల్లు తీస్తరు. నాసిక్‌ల గది దొరుకుతదా?’ అన్నాడు.

ఆ మంగళవారమే ఇద్దరం వెళ్లాం. కోయ గూడెం అది. జోగయ్య జీలుగు చెట్లు గీస్తాడు, అతని భార్య ముత్తమ్మ వండుతుంది. జీలుగు చెట్టును మీరు చూసే ఉంటారు, ఆకులు చేప తోకల్లా చీలి వేలాడుతుంటాయి. తెల్లవారగానే దింపిన కల్లు తియ్యగా, చల్లగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది.

నాసిక్ ఆవిడ ప్రోగ్రాంలో ‘సూర్యాస్తమయ వేళ టేస్టింగ్’ అని రాయమంది. ఆ సంగతి జోగయ్యకు చెబితే అతను అన్నాడు: ‘పొద్దుగాల అది పాల లెక్కుంటది సారు. పొద్దెక్కితే దానికి కోపమొస్తది. కోపమొచ్చినదాన్ని మీ పట్నపోళ్లకెట్ల పోస్త?’ అంతే. అప్పట్నుంచి నేను గెస్టులను చీకటితో లేపి తీసుకుపోయేవాణ్ని. తిట్టుకుంటూ లేచేవారు. మొదటి ఆకు దొప్ప తాగాక తిట్లు ఆగిపోయేవి. కొత్తవాళ్లు రాసుకోండి: గెస్టు అడిగిన టైముకు కాదు, తిండి అడిగిన టైముకు పోవాలి.

మధ్యాహ్నం ముత్తమ్మ భోజనం. జొన్న గటక, నాటుకోడి పులుసు, కందిపచ్చడి. బొంగు చికెన్ వండమని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు రోడ్డు పొడుగునా వెదురు గొట్టాలు కాల్చి అమ్ముతున్నారు గానీ, అందులో సగం చూసేవాళ్ల కోసం కాల్చే పొగ. ఇంటివాళ్లు ఏం తింటారో అదే గెస్టుకు పెట్టించాలి. ఆ మాట మాత్రం నేను గర్వంగానే చెబుతాను.

విస్తర్లు ముత్తమ్మ స్వయంగా కుట్టేది. అడవిలోంచి తెచ్చిన అడ్డాకులు, సన్నటి పుల్లలతో. ఒక రోజు ముందే ఫోన్ చేసేది. ‘ఎందరొస్తుండ్రు సారు?’

‘పన్నెండు మంది, ఇంకా యాకూబ్.’

‘గంతేనా?’

‘అంతే.’

ఆ ‘గంతేనా’ అన్న మాట విని, ఆమెకు ఎక్కువ మంది కావాలేమో అనుకున్నాను. పదకొండేళ్లు అలాగే అనుకున్నాను.

వాళ్లిద్దరూ తమలో తాము కోయ భాషలో మాట్లాడుకునేవారు. అన్నేళ్లలో నేను ఒక్క ముక్క నేర్చుకోలేదు. యాకూబ్ నేర్చుకున్నాడు. మొదటి రోజే అతను ‘కోడిని నేనే కోసుకుంట అన్నా, మా పద్ధతి గట్ల’ అంటే, జోగయ్య కత్తి చేతికిచ్చాడు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా కోడి యాకూబ్ పని. గెస్టులు తిన్నాక వాకిట్లో జోగయ్య పక్కనే కూచుని తినేవాడు. నేను బండిలో బిస్కెట్ ప్యాకెట్ తినేవాణ్ని.

మరి బండిలో గెస్టులకు మైకు పట్టుకుని ఏం చెప్పేవాణ్నో తెలుసా? ‘ముత్తమ్మ కోడిపులుసులో కారం తక్కువండీ, పులుపు ముందు తగులుతుంది, ఆఖర్న నాలుక చివర కాస్త తీపి.’ మొదటిసారి వచ్చిన నాసిక్ ఆవిడ అన్న మాటలవి. ఆవిడ మాటలే నా మాటలు చేసుకున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ. నేను ఆ పులుసు రుచి చూసి ఉంటేగా!

పది మంది లెక్క

ఆ ఆదివారం పన్నెండు మంది రావలసింది. భద్రాచలంలో ఒకతనికి జ్వరం వచ్చి, భార్యతో పాటు లాడ్జిలో ఉండిపోయాడు. పది మంది మిగిలారు. యాకూబ్ ఎప్పుడూ తర్వాతే తింటాడు కాబట్టి పంక్తికి పది విస్తర్లు. ముత్తమ్మకు ఫోన్ చేసి పది అని చెప్పాను.

వెళ్లాం, కల్లు తాగారు, అడవిలో నడిచారు, ఆకలితో వచ్చారు. అంతా నా లెక్క ప్రకారమే జరిగింది. వాకిట్లో చాప పరిచి ముత్తమ్మ విస్తర్లు వేసింది. నేను అలవాటుగా నిలబడి లెక్కపెట్టాను. పదకొండు.

లెక్క తప్పితే నాకు ఒళ్లు మండుతుంది. అది నా గుణం. పైగా గెస్టుల ముందు ఖాళీ విస్తరి ఉంటే బాగుండదు, రాని మనిషి గుర్తొస్తాడు. గెస్టులందరూ వింటుండగానే గట్టిగా అన్నాను: ‘ముత్తమ్మా, పదే అని చెప్పాను కదా. ఒక విస్తరి ఎక్కువైంది. తీసెయ్.’

ఆమె నా వంక చూసింది. వంగి ఆ చివరి విస్తరి తీసి, మధ్యకు మడిచి, చూరులో పెట్టింది. వడ్డించింది. గెస్టులు పొగిడారు. నేను నిలబడి వాళ్ల మొహాలు చూశాను. ఆమె మొహం చూడలేదు.

బయల్దేరేటప్పుడు బండి దగ్గరికి వచ్చింది. గెస్టులు ఎక్కారు. నేను బిస్కెట్ ప్యాకెట్ విప్పుతున్నాను.

‘సారు, ఒక్క మాట. గా ఎక్కువైన ఇస్తరి నీదే.’

నాకు అర్థం కాలేదు. ‘నాదేమిటి?’

‘పదకొండేండ్ల సంది ఒకటి ఎక్కువే కుడుతున్న. నువ్వు కూసోవు. వెయ్యకుంటనే తీసి పెడుతుంటి. ఇయ్యాల వేసిన, నువ్వే తీసెయ్యమంటివి.’

‘అది కాదు ముత్తమ్మా. మా ఆఫీసు రూలు. గెస్టులతో తినకూడదు.’

‘గెస్టులతోటి వద్దు. ఆళ్లు తిన్నంక మాతోటి తినొచ్చు గద? యాకూబ్ తింటలేడా?’

నేను టైము లేదన్నాను. చీకటి పడేలోగా ఘాటు రోడ్డు దాటాలన్నాను. అక్కడ ఘాటు రోడ్డే లేదు. ఆమెకది నాకంటే బాగా తెలుసు.

‘భద్రాచలంల మెస్సుల వంటింట్ల కూసోని తింటవంట గద. యాకూబే చెప్పిండు. మా ఇంటికాడనే బిస్కెట్లు.’ ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నయంగా ఉండేది. ‘మీరు ఏంసూరు దిక్కు రైతులంట. మా ఇంట్ల తినొద్దని మీ ఇంట్ల చెప్పి ఉంటరు. నాకెరుకనే. గని పట్నపోళ్లందరికి మా తిండి మంచిదని మైకుల చెప్తివి. గందుకే ఎప్పటికన్న కూసుంటవేమోనని ఇస్తరి కుట్టిన.’

ఇప్పుడు నిజం రాయాలి. రాయకపోతే ఈ కాగితాలు దండగ.

మొదటిసారి గూడేనికి బయల్దేరిన రోజు మా అమ్మ టిఫిన్ బాక్సు కట్టిచ్చింది. ‘అక్కడేమీ ముట్టకు నాయనా, నీళ్లు కూడా మనవే పట్టుకుపో’ అంది. నేను నవ్వాను. ఈ రోజుల్లో ఏమిటమ్మా ఇవన్నీ అన్నాను. కానీ బాక్సు తీసుకున్నాను. అమ్మ పోయాక బాక్సు పోయి బిస్కెట్లు వచ్చాయి. రంగారావు గారి రూలు నాకు మంచి ముసుగు. ఆ రూలులో ‘తర్వాత తిను’ అని ఉంది. ‘తినకు’ అని లేదు. తినకు అన్నది మా ఇంట్లోంచి తెచ్చుకున్నది. పదకొండేళ్లు నాకు నేనే ఆ రెండిటికీ తేడా లేదని చెప్పుకున్నాను. ఎందుకు ముట్టడం లేదని ఎవరైనా అడిగి ఉంటే కూచునేవాణ్నేమో. ఎవరూ అడగలేదు. ఆమె మాత్రం అడక్కుండా విస్తరి వేసింది.

నేను చేసిన చెడ్డపని

అప్పుడే బండి దిగి, గిన్నెలో అడుగున ఉన్నది పెట్టమని అడిగితే సరిపోయేది. గెస్టులు పావుగంట ఆగేవాళ్లు. నేను ‘వచ్చేసారి తప్పకుండా’ అని బండెక్కాను.

వచ్చేసారి ఆమె ఫోన్ చేసి ‘ఎందరు సారు?’ అన్నప్పుడు నేను మనసులోనే లెక్కపెట్టుకున్నాను. ఒకటి కలిపి చెబితే తప్పు ఒప్పుకున్నట్టు. కలపకపోతే తప్పు చేసినట్టు. ‘ఈసారి గూడెం ప్రోగ్రాం లేదు ముత్తమ్మా’ అని పెట్టేశాను. గెస్టులను రోడ్డు పక్క రిసార్టుకు తీసుకుపోయి వెదురు గొట్టాల కోడి పెట్టించాను. ఆ పొగ గురించి పైన నీతులు చెప్పింది నేనే!

ఆ తర్వాత రెండు సీజన్లు అదే నడిపాను. మొహం చెల్లక ఒక మంచి వంటను ప్లానులోంచి కొట్టేశాను. ఈ వృత్తిలో నేను చేసిన అన్ని పొరపాట్లలో అదే పెద్దది, అది పొరపాటు కూడా కాదు, తెలిసి చేసిన పని. గెస్టులు ‘వెబ్‌సైట్లో రాసిన ఆ గూడెం ఏదండీ’ అని అడిగితే, ‘వాళ్లు మానేశారండీ’ అన్నాను.

యాకూబ్ ఒక్కసారే ఎత్తాడు. తల్లాడ దగ్గర టీ తాగుతూ, ‘ముత్తమ్మ అడిగింది సార్, సారు పానం మంచిగున్నదా అని’ అన్నాడు.

‘ఏం చెప్పావు?’

‘మంచిగనే ఉన్నడు, సిగ్గొక్కటే జర ఎక్కువైంది అని చెప్పిన.’

నేను గ్లాసు కింద పెట్టి బండెక్కాను.

ఒక్కణ్ణే

రిటైరయ్యాక ఖమ్మంలోనే ఒక గది కిరాయికి తీసుకున్నాను. అన్నం కుక్కర్లో, కూర కర్రీ పాయింటులో. ఒక ప్యాకెట్టు రెండు పూటలు వస్తుంది. మెస్సుకు వెళితే సర్వరు ‘ఒక్కరేనా సార్?’ అని అడిగి, చేతులు కడుక్కునే కుళాయి పక్క టేబుల్ చూపిస్తాడు. అతని తప్పు కాదు, సెలవుల్లో ఒంటరివాళ్లకు నేను ఆ టేబుల్ కూడా రాయలేదు. ‘ఒక్కరికి టూర్ కుదరదండీ’ అని ఎంతమందికి ఫోన్‌లో చెప్పానో! వాళ్లంతా ఆ మూడు రోజులు ఎక్కడ తిన్నారో అని ఇప్పుడు అనిపిస్తుంది. అడగడానికి నంబర్లు లేవు.

మొన్న చలికాలంలో మూడు రోజుల సెలవు కలిసొచ్చింది. సెలవుతో నాకేం పని? అయినా చెయ్యి ఊరుకోలేదు. పాత అలవాటు ప్రకారం తెల్లకాగితం మీద గీతలు కొట్టాను. శుక్రవారం, శనివారం, ఆదివారం. ‘ఎందరు’ అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఒకటి అని వేశాను. ఆ అంకెను చూస్తే ఏడుపొచ్చింది. దాచడం దేనికి, ఏడ్చాను.

శనివారం ఆమెకు ఫోన్ చేశాను. ఎత్తుతుందనుకోలేదు.

‘ఎవరు? సత్యం సారా? అబ్బ, బతికే ఉన్నవా!’

‘ఉన్నా ముత్తమ్మా. రేపు వద్దామని.’

‘రాండ్రి. ఎందరు?’

‘ఒక్కణ్ణే.’

‘యాకూబ్?’

‘యాకూబ్ బండి వేరేవాళ్లకు పోయింది. నేను బస్సులో వస్తా. ముత్తమ్మా... నేనొక్కణ్ణే. తినడానికే వస్తున్నా.’

‘ఒక్కనికి వండుడు నాకు రాదు సారు,’ అంది. వద్దంటోందేమో అనుకున్నాను. ‘ఎక్కువనే వండుత. రా’ అని పెట్టేసింది.

పొద్దున నాలుగింటికి లేచినా బస్సులు నా మాట వినలేదు. తల్లాడలో ఒకటి పట్టుకుని, కొత్తగూడెంలో ఒకటి తప్పి, భద్రాచలంలో ఆటో కోసం నిలబడి గూడెం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అన్నేళ్లు జనాన్ని టైముకు చేర్చినవాణ్ని, నన్ను నేను చేర్చుకోలేకపోయాను.

జోగయ్య మంచం మీద కూచుని ఉన్నాడు. మోకాళ్లు అరిగాయట, పొట్టి చెట్లే ఎక్కుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. ‘ఏంది సారు, నీకు గూడ చెప్పాల్నా? పొద్దుగాల రావాలె. ఇప్పుడు దానికి కోపమొచ్చింది.’

‘రానీ. నేను కోపం తెప్పించినవాటిలో అదొకటి,’ అన్నాను. ఆనపకాయ బుర్రలోంచి ఆకు దొప్పలో పోశాడు. పుల్లగా, ముక్కులోకి ఎక్కింది. మొత్తం తాగాను.

వాకిట్లో చాప పరిచింది ముత్తమ్మ. ఒకటే విస్తరి వేసింది. పన్నెండు మంది పట్టే చాప అది. చివర కూచోవాలా మధ్యలో కూచోవాలా అన్నది తెలియలేదు. మధ్యలో కూచున్నాను. గటక పెట్టింది, పులుసు పోసింది.

తిన్నాను. కారం తక్కువ కాదు, కళ్లల్లో నీళ్లు తిరిగే కారం. పులుపు ముందు రాదు, వెనక నుంచి వస్తుంది. తీపి అన్నది ఎక్కడా లేదు. మైకులో నేను చెప్పిందంతా తప్పే. అన్నేళ్లు వందల మంది విని, తిని, మొహమాటానికో ఏమో ఒక్కరూ తప్పని చెప్పలేదు.

‘ఎట్లున్నది సారు?’

‘నేను చెప్పినట్టు లేదు ముత్తమ్మా.’

‘నాకెరుకనే. యాకూబ్ చెప్తుండె, నువ్వు మైకుల ఏమేమో అంటవని. నవ్వుకుంటుంటిమి.’

జోగయ్య గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె గరిటె పట్టుకుని నిలబడింది. నిలబడ్డవాళ్లకు తినేవాడి మొహం ఎంత బాగా కనిపిస్తుందో నాకు తెలుసు. తల దించుకుని, ‘మీరూ కూచోండి. ఇంకో రెండు విస్తర్లు వెయ్యి’ అన్నాను.

‘నువ్వు కానియ్యి సారు. మేం తర్వాత తింటం,’ అంది ముత్తమ్మ.

వెటకారం లేదు. వచ్చినవాడికి ముందు పెట్టడం వాళ్ల మర్యాద. పదకొండేళ్లు ఆ వాకిట్లో నేను వాడిన మాటే అది. ఎదుటివాడు ఆ మాట అంటే ముద్ద ఎలా దిగుతుందో అప్పుడు తెలిసింది. ఇంకోసారి అడిగాను. ‘తింటంలే’ అంది. మూడోసారి అడిగే మొహం నాకు లేదు. విస్తట్లో ఏమీ మిగల్చకుండా తిని, నా వైపుకు మడిచి లేచాను. ఆమె తీయబోతే ఇవ్వలేదు, నేనే తీసుకుపోయి దొడ్డి వెనక వేసి వచ్చాను.

చివరి ఆటోకు టైమయింది. రోడ్డు దాకా ఇద్దరూ వచ్చారు. జోగయ్య ఆమెతో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఏమన్నాడని నేను అడిగాను. ఇన్నేళ్లలో అలా అడగడం అదే మొదటిసారి.

‘సారు బక్కగైండు అంటుండు,’ అంది. ఆటో వచ్చింది. నేను ఎక్కాక ఆమె అలవాటుగా అడిగింది: ‘మల్లొచ్చేటప్పుడు ఎందరు సారు?’

‘ముగ్గురం.’

‘ఎవరు గా ఇద్దరు?’

‘నువ్వూ, జోగయ్యా.’

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పులిసిన సాంబారు తింటూ ‘అద్భుతం’ అనేవాడి వంక చూసినట్టు నా మొహం వంక చూసింది.

‘గది మేం చూసుకుంటం,’ అంది. ‘ముందుగాల నువ్వైతే రా.’